పట్టీ కట్టని మునక

రేపు మాస్టారు అంటే ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు పట్టుకుని ఎవరైనా వెతుక్కుంటూ వస్తే మాత్రం ఊరంతా తెల్లమొహం వేస్తుంది. "రేపు మాస్టారండీ" అనండి, రన్‌వే దాకా వచ్చి చూపించి వెళ్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆ ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. నీళ్ళల్లో మునిగి రంగురంగుల చేపల్ని చూద్దామని జనం అక్కడికి వస్తారు. కొండలకవతల నగరం. మెలికల రోడ్డు మీద ఆరు గంటలు, చిన్న విమానంలో నలభై నిమిషాలు. మాస్టారుకి రెండు విద్యలూ వచ్చు. శుక్ర, శని, ఆదివారాలు వీపుకి సిలిండరు కట్టించి జనానికి స్కూబా నేర్పేవాడు. మంగళ, బుధ, గురువారాలు ఊరి విమాన క్లబ్బువాళ్ళ నాలుగు సీట్ల విమానం నడిపేవాడు. మధ్యలో సోమవారం ఇంట్లో కూర్చుని కూరగాయలు తరిగేవాడు. "మూడు రోజులు చేప, మూడు రోజులు గద్ద, ఒక రోజు మా అక్కకి వంటమనిషి" అని బావమరిది వేళాకోళం చేసేవాడు. ఆ సోమవారాన్ని మాత్రం మాస్టారు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నీళ్ళకీ గాలికీ మధ్య ఒక పూర్తి రోజు అడ్డం ఉండాల్సిందేనని ఆయన పట్టు. రేవుకి సెలవు ఒక్క బుధవారమే, ముందే నేర్చుకున్నవాళ్ళు మిగతా రోజుల్లో కూడా మునిగేవారు. అలా నీళ్ళల్లో దిగినవాళ్ళెవరైనా విమానం ఎక్కుతామని వస్తే ఒకటే మాట: "రేపు."

"ఎందుకండీ?" అని అడిగారా, అయిపోయారే! ఎక్కడినుంచో ఒక సోడా సీసా వచ్చి బల్ల మీద కూర్చునేది.

"నీళ్ళ అడుగున బరువు ఎక్కువ. ఆ బరువుకి, మనం పీల్చిన గాలి నెత్తుట్లో కరిగి కూర్చుంటుంది, ఇదిగో ఈ సోడాలో గ్యాస్ కూర్చున్నట్టు. ఒడ్డుకొచ్చాక ఊపిరితో పాటు మెల్లిగా బయటికి పోతుంది. దానికి టైము కావాలి. ఆ టైము ఇవ్వకుండా నువ్వు పైకెళ్ళావనుకో..." అంటూ మూత టప్పున ఊడదీసేవాడు. నురగ బల్లంతా పొంగేది. "ఇది నీ మోకాలు. ఇది నీ వెన్నుపూస. ఇప్పుడు చెప్పు, ఇవాళా రేపా?"

తెలివైనవాడు ఎవడైనా, మరి పెద్ద విమానాల్లోనో అని అడిగేవాడు. వాటికీ ఇదే నియమం నాయనా, వాటిల్లో లోపల గాలి కాస్త నింపి ఉంచుతారు, మన బుల్లిదానికి ఆ వైభోగం కూడా లేదు, బయట ఎంతో లోపలా అంతే అనేవాడు. కొండ రోడ్డు మీద వెళ్తామన్నా ఒప్పుకునేవాడు కాదు. కొండైనా విమానమైనా ఎత్తు ఎత్తే. అంత తొందరైతే ఒడ్డు వెంబడి లాంచీలో పొండి అనేవాడు.

చెప్పి ఊరుకునే మనిషి కాదు. దానికో పద్ధతి పెట్టాడు. నీళ్ళల్లోంచి పైకి రాగానే రేవులో కౌంటరు దగ్గర మాస్టారు భార్య ప్రతివాళ్ళ మణికట్టుకీ ఒక ఎర్ర పట్టీ బిగించి, దాని మీద చెరగని సిరాతో టైము రాసేది. తడిసినా ఊడదు, లాగినా తెగదు. విమానం తలుపు పక్కన లోపలివైపు కొక్కేనికి ఒక కత్తెర వేలాడుతూ ఉండేది. మర్నాడు మాస్టారు గడియారం చూసి, పట్టీ మీద టైము చూసి, ఇరవై నాలుగు గంటలు నిండితేనే కత్తిరించి ఎక్కనిచ్చేవాడు. ఒక్క మునకకి సగం రోజు చాలునని పుస్తకాల్లో ఉందండీ అని ఎవరైనా అంటే, "ఆ పుస్తకం నడుపుతుందేమో విమానం, అడుగు" అనేవాడు. పదహారేళ్ళలో ఆ కత్తెర ఒక్కసారి కూడా తొందరపడలేదు.

క్లబ్బు కార్యదర్శి ఒక బేకరీ ఆయన. ఒకప్పుడు పొద్దున్నే మునిగి ఒడ్డుకొచ్చాడో లేదో, నగరంలో పుట్టింట్లో ఉన్న భార్యకి నొప్పులొస్తున్నాయని కబురు. చేతికి ఎర్ర పట్టీతో పరిగెత్తుకొచ్చి మాస్టారు కాళ్ళావేళ్ళా పడ్డాడు. తొలిచూలు కదా. మాస్టారు కదల్లేదు. "నీ బిడ్డకి నడిచే నాన్న కావాలి" అని లాంచీ ఎక్కించాడు. ఆయన వెళ్ళేసరికి బిడ్డ పుట్టి పాలు తాగి నిద్రపోతోంది. నెల్లాళ్ళు మాస్టారుతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే అందరికీ చెప్పుకునేవాడు, మా మాస్టారు దేవుడడిగినా రేపు రమ్మంటాడయ్యా అని. మాస్టారు పైకి చిరాకుపడేవాడు గానీ, లోపల్లోపల ఆ మాట వినడం మహా ఇష్టం. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఆ రన్‌వే షెడ్డులో ఇంకో పెద్దమనిషి ఉండేవాడు, ఇకంతే బాబాయి. మెకానిక్కు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసు. నట్టు బిగించి, వేలిగోటితో టక్కున ఒకసారి కొట్టి, "ఇకంతే" అనేవాడు. మళ్ళీ దానివంక చూసేవాడు కాదు. చూడక్కర్లేదు. ఆయన ఇకంతే అన్నాక ఊడిన నట్టు ఇంతవరకూ లేదు. మాస్టారు నిశ్చింతగా ఎగిరాడంటే ఆ మాట మీదే.

సరే, ఇక ఆ బుధవారం సంగతి.

ఆ మధ్యాహ్నం మాస్టారు వాళ్ళక్కని నగరానికి తీసుకెళ్ళాలి. అక్క అంటే తోడబుట్టడం ఒక్కటే కాదు, పెంచింది కూడా ఆవిడే. అమ్మ పోయేనాటికి మాస్టారుకి తొమ్మిదేళ్ళు. అక్క కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది, విమానం నేర్పించింది. నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. నగరంలో కళ్ళ డాక్టరు దగ్గర రెండు నెలలు ఎదురుచూస్తే దొరికింది ఆ రోజు, మూడున్నరకి. "నా తమ్ముడి విమానంలో వెళ్ళి కళ్ళు బాగుచేయించుకొస్తా" అని వీధంతా చెప్పుకుంది. కొత్త చీర కూడా తీసింది.

పొద్దున్న ఎనిమిదింటికి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. మునిగేవాళ్ళని తీసుకెళ్ళే పడవ అతనిదే.

"బావా, కొంప మునిగింది. లంగరు రాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. అరవై అడుగుల్లో. రేపు పొద్దున్నే పెద్ద బృందం ఉంది నాకు."

"నువ్వు దిగు."

"జలుబు బావా. చెవులు దిబ్బళ్ళు పడిపోయాయి. దిగితే చెవులు పగిలి చస్తాను."

"ఇవాళ గాలి రోజురా."

"అయిదు నిమిషాల పని. నువ్వు కాకపోతే ఇంకెవరు చేస్తారు బావా?"

ఆ ఆఖరి మాట పడిందంటే మాస్టారు కరిగిపోతాడని బావమరిదికి బాగా తెలుసు. దిగాడు. మొదటిసారి ఎక్కడ ఇరుక్కుందో చూసొచ్చాడు. రెండోసారి గునపం పట్టుకెళ్ళి రాయి కదిపాడు. మూడోసారి తాడు కట్టడానికి వెళ్ళాడు. అయిదు నిమిషాలన్నది రెండు గంటలయింది. ఆఖరిసారి తల పైకెత్తేసరికి పది దాటింది. ఒంటి గంటన్నరకి విమానం.

బుధవారం కాబట్టి కౌంటరు మూసి ఉంది. భార్య వాళ్ళ వదినగారికి, అదే మాస్టారు అక్కకి, బట్టలు సర్దిపెట్టడానికి వెళ్ళింది. పట్టీ కట్టడానికి ఎవరూ లేరు. ఉన్నా కట్టించుకునేవాడు కాదు లెండి. ఆ రేవులో అందరికీ ఉన్న జబ్బే ఇది. పడవ అడుగున నాచు గీకడం, లంగరు విడిపించడం, ఎవరో పడేసుకున్న ఉంగరం వెతకడం, ఇవేవీ వాళ్ళ దృష్టిలో మునకలు కావు. మునకల లెక్క పుస్తకంలో రాయరు, పట్టీ కట్టరు. మునక అంటే సరదాకి దిగేవాళ్ళది, ఇది పని. చూడండి మనిషి బుర్ర! వీడు పనికొచ్చాడో సరదాకొచ్చాడో నీళ్ళకేం తెలుసండీ? మాస్టారు మనసు ఒక్కసారి పీకింది. పీకలేదని నేననను. తడి సూటు ఆరేస్తూ గడియారం చూసుకున్నాడు. అక్క కొత్త చీర గుర్తొచ్చింది. ఫోన్ చేసి "రేపు" అనడానికి నోరు రాలేదు. ఊరందరికీ చెప్పిన మాట సొంత అక్కకి చెప్పలేకపోయాడు.

ఒంటి గంటన్నరకి అక్క ముందు సీట్లో కూర్చుంది. మాస్టారు తలుపు వేస్తుంటే కొక్కేనికున్న కత్తెర గాలికి ఊగి తలుపుకి తగిలింది. దాన్ని పట్టుకుని ఆపాడు.

కొండలు దాటాలంటే ఏడు వేల అడుగులు ఎక్కాలి. అయిదు వేల దగ్గర ఎడమ భుజం లోపల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు మొదలయింది. గునపం ఎత్తాను కదా, అందుకే అనుకున్నాడు. ఆరున్నర వేల దగ్గర ఎడమచేతి చిటికెనవేలూ దాని పక్క వేలూ చీమలు పాకినట్టయి, తర్వాత అసలు లేనట్టే అయ్యాయి. వేళ్ళని మోకాలికేసి కొట్టుకున్నాడు. ఆ మోకాలికి కూడా దెబ్బ సరిగ్గా తెలియలేదు. కుడి కాలు నీళ్ళల్లో నానిన దుంగలా ఉంది.

అప్పుడు తెలిసింది. తెలియడమేమిటి, ఊరికంతా పాఠం చెప్పినవాడికి! పదహారేళ్ళుగా బల్ల మీద పొంగించిన సోడా తన ఒంట్లో పొంగుతోంది.

ఏం చెయ్యాలో కూడా ఆయనకి కంఠతా వచ్చు. వెంటనే కిందికి దిగాలి. రేడియోలో ఉన్నదున్నట్టు చెప్పాలి. డాక్టర్నీ ఆక్సిజన్నీ సిద్ధం చేయించాలి. రేడియో మీట దాకా చెయ్యి వెళ్ళింది. అయితే ఆ రేడియో మాటలు షెడ్డులో టీ బల్ల మీదున్న స్పీకర్లోంచి అందరికీ వినపడతాయి. ఆ సమయానికి బేకరీ ఆయన ఉంటాడు, బాబాయి ఉంటాడు, ఇంకో నలుగురుంటారు. "నేను పొద్దున్న మునిగాను" అని ఆ స్పీకర్లోంచి తన గొంతు రావడం ఊహించుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. పక్కన పెంచిన అక్క కూర్చుని ఉంది, కాలు పనిచెయ్యడం లేదు, అయినా ఆ మనిషికి ముందు గుర్తొచ్చింది టీ బల్ల దగ్గర వాళ్ళు ఏమనుకుంటారోనని! అదే, ఆయన ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేనిది.

మీట నొక్కి, "కొండల మీద మబ్బు. వెనక్కి వస్తున్నా" అన్నాడు.

ఎదురుగా ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు.

"మబ్బు పట్టిందా నాయనా?" అంది అక్క, అద్దంలోంచి ముందుకి వంగి చూస్తూ. "నాకెలాగూ అంతా మబ్బే కదరా" అని నవ్వింది. "పోనీలే. డాక్టరు ఎక్కడికీ పోడు. నువ్వు జాగ్రత్తగా దింపు."

కిందికి వస్తుంటే భుజం నొప్పి తగ్గింది. కాలు మాత్రం మాట వినలేదు. చక్రాలు నేలకి తగలగానే గాలి విమానాన్ని ఎడమకి నెట్టింది. కుడి పెడల్ తొక్కాలి. తొక్కాననే అనుకున్నాడు. కాలు అక్కడే ఉంది, బరువు పడలేదు. విమానం రన్‌వే దాటి గడ్డిలోకి పోయి, కాలవ గట్టుకి కొట్టుకుని, ముందు చక్రం వంగి, ప్రొపెల్లరు నేలలోకి దిగి ఆగింది. అక్క కళ్ళజోడు పగిలింది. కుడి మణికట్టు విరిగింది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు బాబాయి వచ్చాడు, అరవై దాటిన మనిషి, రొప్పుతూ. "ఏమయింది అబ్బాయ్?"

"పెడల్ పట్టేసింది" అన్నాడు మాస్టారు.

ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి జారింది. జారిన మాటని అక్కడే వెనక్కి తీసుకుంటే సరిపోయేది. తీసుకోలేదు. బాబాయి మొహం పాలిపోయింది. ఆ కుడి పెడల్ కేబులు ముందు రోజే ఆయన మార్చాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అక్క చేతికి కట్టు కట్టి, మాస్టారు కుంటడం చూసింది. ఆ తీరాన డాక్టర్లందరూ అడిగే ప్రశ్నే అడిగింది. "ఇవాళ గానీ నిన్న గానీ నీళ్ళల్లో దిగారా?"

"నేనా?" అన్నాడు మాస్టారు. "బుధవారం నాకు గాలి రోజండీ."

ఆవిడ నవ్వేసింది. ఆ మాట తనకీ తెలుసు. అవునులే, మిమ్మల్నా నేనడగడం అని కుదుపుకి నరం పట్టిందనుకుని బిళ్ళలు రాసి పంపేసింది. అంత మంచిపేరు ఉండటం కూడా ఒక ఖర్మే. అబద్ధమాడితే అనుమానించే దిక్కు కూడా ఉండదు.

ఆ సాయంత్రానికి కాల్లోకి కాస్త బలం వచ్చింది. రెండు వేళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మర్నాటి నుంచీ షెడ్డులో బాబాయి నేల మీద దుప్పటి పరిచి, పెడల్ని ముక్కముక్కగా విప్పి పేర్చాడు. స్ప్రింగులు, పిన్నులు, కేబులు, ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి భూతద్దంతో చూడటం, మళ్ళీ పెట్టడం. దొరకలేదు. మాస్టారు వెళ్ళకుండా ఉండలేకపోయాడు. వెళ్తే నిలబడలేకపోయాడు.

"అబ్బాయ్, రా. ఒక్కమాట చెప్పు" అన్నాడు బాబాయి, తలెత్తకుండా. "పట్టేసినప్పుడు అసలే దిగలేదా, సగం దిగి ఆగిందా?"

"సగం దిగి" అన్నాడు మాస్టారు.

"సగమా!" బాబాయి కళ్ళల్లో వెలుగొచ్చింది, దారి దొరికినట్టు. "అయితే కేబులు జారే గైడు దగ్గర చూడాలి." మళ్ళీ మొత్తం విప్పాడు. ఆ రోజూ మర్నాడూ, లేని సగాన్ని వెతుకుతూనే ఉన్నాడు పెద్దాయన. అన్నం డబ్బా తెచ్చింది తెచ్చినట్టే ఇంటికెళ్ళేది.

బావమరిది రేవులో పక్కకి లాగి, "బావా, నేనేం చూడలేదు. లంగరు దానంతటదే ఊడింది. సరేనా?" అన్నాడు. మంచికే అన్నాడు పాపం. మాస్టారుకి మాత్రం అతని మొహం చూడాలంటే కంపరం పుట్టింది. అతని మొహంలో తన మొహమే కనపడుతోంది మరి.

అక్క ఇంట్లో ఇంకో నరకం. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "ఆ పెద్దాయన్ని ఏమీ అనకండి. వయసు మీద పడింది. మా వాడు కాబట్టి ప్రాణాలతో దింపాడు, ఇంకొకడైతేనా!" మాస్టారు టీ కప్పు పట్టుకుని వింటూ కూర్చునేవాడు.

భార్యకి తెలిసిపోయింది. తెలియకేం? బుధవారం సాయంత్రమే దండెం మీద తడి సూటు చూసింది. ఎవరు దిగారంటే, "ఊరికే కడిగాను" అన్నాడు. శనివారం పొద్దున్న చొక్కా గుండీలు పెట్టుకోలేక అవస్థపడుతుంటే వచ్చి తనే పెట్టింది. పెడుతూ ఆ రెండు వేళ్ళనీ గట్టిగా గిల్లింది. ఆయన ఉలకలేదు, పలకలేదు.

"ఏవండీ, మీరు మునిగారు" అంది.

ఆయన ఆ రెండు వేళ్ళనీ కుడి గుప్పిట్లో దాచుకున్నాడు.

"నా చేత్తో ఎన్ని వేల పట్టీలు కట్టానో! ఏడ్చినవాళ్ళకి కట్టాను, తిట్టినవాళ్ళకి కట్టాను. మావారు చెప్పారు, మీ మంచికే అన్నాను. ఇప్పుడు ఆ కౌంటర్లో ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటారు?" ఆవిడ ఆఖరి గుండీ పెట్టింది. "ఆ బాబాయి మన పెళ్ళికి పందిరి వేసిన మనిషండీ."

ఆదివారం పది గంటలకి షెడ్డులో సమావేశం. సోమవారం విచారణ అధికారి వస్తాడు. ఏం జరిగిందో కాగితం మీద పెట్టి అందరూ సంతకాలు చెయ్యాలి. మెకానిక్కు పొరపాటని రాస్తే బాబాయి లైసెన్సు పోతుంది. ఆ వయసులో పోయింది మళ్ళీ రాదు. ఆ సంగతి అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టారు. బేకరీ ఆయన కాగితం ముందు పెట్టుకుని, రాయడానికి చెయ్యి రాక కలం తిప్పుతున్నాడు.

"బాబాయ్, మీకేమైనా దొరికిందా?"

"లేదు" అన్నాడు బాబాయి. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆ షెడ్డులో ఆయన్ని అలా ఎప్పుడూ ఎవరూ చూడలేదు. "మూడు రోజులు చూశాను. కేబులు బాగానే ఉంది, గైడు బాగానే ఉంది. కానీ అబ్బాయి పట్టేసిందన్నాడు. అతను అబద్ధం ఆడే మనిషి కాదు. కాబట్టి తప్పు నా చేతుల్లోనే ఉంది, నాకు కనపడటం లేదంతే. నేను ఇకంతే అన్నాను. అనకుండా ఉండాల్సింది." జేబులోంచి లైసెన్సు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "రాసెయ్యండి. నాకేం కోపం లేదు."

మాస్టారు చూపు ఆ పెద్దాయన చేతుల మీద పడింది. రెండు చేతులనీ ఒకదాని మీద ఒకటి పెట్టి దాచుకుంటున్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

మాస్టారు లేచి నిలబడ్డాడు. మూడు రోజులుగా ఎలా మొదలుపెట్టాలా అని లోపల ఎన్నో మాటలు కూర్చుకున్నాడు. ఒక్కటీ రాలేదు.

"పెడల్ పట్టెయ్యలేదు" అన్నాడు. "నా కాలు పనిచెయ్యలేదు. బుధవారం పొద్దున్న లంగరు కోసం మూడుసార్లు మునిగాను. అరవై అడుగులు. పదింటికి పైకొచ్చి ఒంటి గంటన్నరకి ఎగిరాను. సగం దిగి ఆగిందన్నది కూడా అబద్ధమే బాబాయ్. నువ్వడిగితే ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను. మబ్బు కూడా లేదు."

ఇదంతా నేల చూపులు చూస్తూ చెప్పాడు.

బేకరీ ఆయన కలం కింద పెట్టేశాడు. "నా కూతురు పుట్టినప్పుడు నన్ను ఎక్కనివ్వలేదు నువ్వు" అన్నాడు మెల్లిగా. "నేను దాన్ని గొప్పగా చెప్పుకున్నాను మాస్టారూ. పదిమందికీ చెప్పుకున్నాను." తిట్టినా బాగుండేది.

అక్క మొహం మాస్టారు గొంతు వచ్చిన వైపుకి తిప్పి ఉంది. "ఒరేయ్ తమ్ముడూ" అంది. "నాకు కనపడదనే చెప్పావుట్రా, మబ్బని?"

"అవునక్కా."

అక్క విరగని చేత్తో కొంగు తీసుకుని కళ్ళు ఒత్తుకుంది. మాస్టారుకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. చీలలేదు. అక్కడే నిలబడాల్సి వచ్చింది.

బాబాయి లేచి, లైసెన్సు పుస్తకం తీసి జేబులో పెట్టుకుని, షెడ్డు బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒక్కమాటే అన్నాడు. "మూడు రోజుల నుంచీ నా చేతుల్ని నేను తిట్టుకుంటున్నానయ్యా."

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మకి నిజం చెప్పారు. ఆవిడ లాంచీలో నౌకాశ్రయం ఆస్పత్రికి పంపింది. అక్కడ గాలి ఒత్తిడి పెంచే ఇనుప గదిలో అయిదు రోజులు, రోజుకి కొన్ని గంటలు పడుకోబెట్టారు. కాలు బాగుపడింది. రెండు వేళ్ళు బాగుపడలేదు. మొదటి రోజే వచ్చుంటే వేళ్ళూ దక్కేవేమో అన్నాడు అక్కడి డాక్టరు. మాస్టారు తన లైసెన్సు తనే అధికారి చేతిలో పెట్టాడు. మళ్ళీ అడగలేదు.

అక్క కళ్ళకి ఆపరేషన్ రెండు నెలల తర్వాత అయింది. రోడ్డు మీదే వెళ్ళింది, మరదల్ని వెంటబెట్టుకుని. తమ్ముణ్ణి రమ్మనలేదు. కట్లు విప్పాక ఇంటికొచ్చి, ఆయన మొహాన్ని దగ్గరగా చాలాసేపు చూసింది. "ముసలాడివైపోయావురా" అని లోపలికెళ్ళి టీ పెట్టింది. మాట్లాడుతుంది ఇప్పుడు. పూర్వంలా వీధిలో వాళ్ళకి తమ్ముడి గురించి చెప్పుకోవడం మాత్రం మానేసింది.

మాస్టారు ఇప్పుడు కౌంటర్లో కూర్చుని పట్టీలు కడతాడు. పడవ అడుగు గీకడానికి దిగినవాళ్ళకీ, లంగరుకి దిగినవాళ్ళకీ, బావమరిదికీ, అందరికీ కడతాడు. పనికి దిగాం కదా అని ఎవరైనా నసిగితే సోడా సీసా తియ్యడు. తన రెండు వేళ్ళు చూపిస్తాడు. జనం ఇంకా రేపు మాస్టారనే పిలుస్తారు. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా ఆయన తల వంచుకుని పట్టీ మీద టైము రాస్తాడు.

సాయంత్రాలు షెడ్డుకి వెళ్తాడు, ఊడ్చడానికి, సామాను అందించడానికి. బాబాయి వద్దనలేదు, రమ్మనలేదు. విమానం బాగయింది. కొత్త పైలట్ వచ్చాడు. బాబాయి పని చేస్తూనే ఉన్నాడు, కానీ ఒక నట్టుకి పావుగంట పడుతోంది. బిగిస్తాడు, గోటితో కొడతాడు, ఆగుతాడు. మళ్ళీ స్పానరు పెడతాడు. ఇకంతే అన్న మాట ఆ షెడ్డులో వినపడి ఏడాది దాటింది.

"అబ్బాయ్" అని పిలుస్తాడు, వెనక్కి తిరగకుండా. "ఇలా వచ్చి చూడు. బిగిసిందా?"

మాస్టారు వచ్చి, స్పర్శ లేని ఆ రెండు వేళ్ళనీ మడిచి, మిగతా వేళ్ళతో నట్టు పట్టుకుని తిప్పి చూస్తాడు. అది కదలదు. ఎప్పుడూ కదల్లేదు.

"బిగిసింది బాబాయ్."

బాబాయి తల ఊపి, స్పానరు తీసి మళ్ళీ పెడతాడు. "ఇంకోసారి చూడు" అంటాడు.

మాస్టారు ఇంకోసారి చూస్తాడు.